చింతగింజల లెక్క

సార్ పదో రోజుకని హనుమకొండ నుంచి తమ్ముడి బండి మీద బయలుదేరాను. కాజీపేట చౌరస్తా ఇంకా కొంత దూరం ఉందనగా వెనక చక్రం గాలి పోయింది. నెట్టుకుంటూ వెళ్తే రోడ్డు పక్కన రేకుల కప్పు కింద పంక్చర్ షాపు కనబడింది. కుర్రవాడు ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, నల్లటి నీళ్ల తొట్టిలో ముంచి తిప్పాడు. ఒక చోట బుడగలు లేచాయి. అక్కడ తుడిచి, ఆకురాయితో గరుకుగా గీకి, సొల్యూషన్ మూత తీశాడు.

ఆ వాసన తగలగానే నా కాళ్లలో సత్తువ పోయింది. పక్కన పడి ఉన్న పాత లారీ టైరు మీద కూలబడ్డాను. సార్ పోయారని ఫోను వచ్చినప్పటి నుంచీ రాని ఏడుపు అక్కడ వచ్చింది. కుర్రవాడు చూసి కూడా ఏమీ అడగలేదు. సొల్యూషన్ మీద నోటితో మెల్లగా ఊదుతూ ఆరనిచ్చాడు. సార్ కూడా అచ్చం అలాగే ఊదేవారు.

*

మాకు ఒకే ఒక్క ఫుట్‌బాల్ ఉండేది. తోలు పలకలు అరిగి, రంగు పోయి, దూరం నుంచి చూస్తే కొబ్బరికాయలా ఉండేది. రైల్వే గ్రౌండు అంచున తుమ్మచెట్లు ఉండేవి కాబట్టి నెలకోసారైనా బ్లాడర్‌కు ముల్లు దిగేది. అప్పుడు దాన్ని బాగు చేయించడం ఒక రోజంతా పట్టే పని. ముందు స్టేషన్ దారిలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాలి. ఆయన బంతిని ఒళ్లో పెట్టుకుని, ఏ కుట్టు విప్పితే మళ్లీ కనబడకుండా కుట్టవచ్చో వేలితో తడిమి చూసి, ఆరేడు కుట్లు మాత్రమే కోసేవాడు. ఆ సందులోంచి బ్లాడర్ బయటికి వచ్చేది. దాన్ని సైకిల్ షాపులో అతికించి, మళ్లీ లోపల తోలుకు అంటుకోకుండా పౌడర్ చల్లి, పెద్దాయన దగ్గరికే తెచ్చేవాళ్లం. ఆయన దారానికి మైనం రాసి కుట్టేవాడు. డబ్బులు తీసుకునేటప్పుడు మాత్రం సార్ పేరు చెప్పి సగమే తీసుకునేవాడు.

గాలి కొట్టే పని మాత్రం సార్‌దే. వేరొకరిని పంపు ముట్టనిచ్చేవారు కాదు. బంతిని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, సూదిని నోట్లో పెట్టి తడి చేసి, వాల్వులోకి తిన్నగా దించేవారు. "ఎండిన సూది గుచ్చితే వాల్వు పాడైపోతుంది బిడ్డా" అని ప్రతిసారీ చెప్పేవారు. పంపు కొట్టాక బొటనవేలితో నొక్కి చూసి, నడుము ఎత్తు నుంచి కిందికి వదిలి, చెవి ఒగ్గి వినేవారు. నేల మీద బంతి మోగే తీరును బట్టి ఇంకో రెండు కొట్లు కొట్టాలా వద్దా అని తేల్చేవారు. వానాకాలంలో ఆముదం పట్టించేవారు. ఆముదం, తోలు, సొల్యూషన్ కలిసిన వాసన మా అరచేతులకు అంటుకుని, రాత్రి అన్నం కలుపుకున్నప్పుడు కూడా తెలిసేది.

ఆయన బడిలో పంతులు కాదు, డీజిల్ షెడ్డులో ఫిట్టర్. అయినా కాలనీలో పిల్లల నుంచి వాళ్ల తాతల దాకా అందరికీ ఆయన సారే. సాయంత్రం షెడ్డు సైరన్ మోగిన కాసేపటికి సైకిల్ మీద వచ్చేవారు. ఖాకీ ప్యాంటు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, ఎంత కడిగినా గోళ్లలో మిగిలే నల్లటి గ్రీజు. గ్రౌండులో తమిళం, మలయాళం, ఉర్దూ, మరాఠీ, తెలుగు అన్నీ వినబడేవి. ఎవరి నాన్న ఏ ఊరి నుంచి బదిలీ మీద వస్తే ఆ భాష. ఫాతిమానగర్ వైపు నుంచి ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన చేతికర్ర పట్టుకుని వచ్చి, గట్టు మీద కూర్చుని, చీకటి పడేదాకా ఒక్క మాట మాట్లాడకుండా చూసి వెళ్లేవారు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఆయన పెద్ద ఆటగాడని సార్ చెప్పేవారు. గూడ్సు బండ్లు పట్టాలు మారేటప్పుడు వచ్చే కీచు చప్పుడుకు ఎంత అలవాటు పడ్డామంటే, ఆ చప్పుడు లేని ఊళ్లో ఆడితే నాకు చెవులు మూసుకుపోయినట్టు ఉండేది.

నేను గోల్‌కీపర్‌ని. మా బాపు గ్యాంగ్‌మన్. నాకు బూట్లు కొనే స్తోమత మాకు లేదు. గోలు ముందు నిలబడేవాడికి బూట్ల అవసరం తక్కువని సార్ నన్ను అక్కడ పెట్టారని చాలాకాలం అనుకున్నాను. తరువాత అడిగితే, "నువ్వు బంతి వస్తుంటే కళ్లు మూయవు. అందుకే" అన్నారు.

*

సార్ కుడి జేబు నిండా చింతగింజలు ఉండేవి.

మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఆయన గీత పక్కన నిలబడి, నేను ఒక బంతి ఆపితే కుడి జేబులోంచి ఒక గింజ తీసి ఎడమ జేబులో వేసేవారు. ఎన్ని గోల్స్ పడ్డాయో ఆయన లెక్క పెట్టేవారు కాదు. ఆ లెక్క రాసుకోవడానికి రెఫరీ ఉన్నాడనేవారు. ఆట అయ్యాక నన్ను పక్కకు పిలిచి, ఎడమ జేబు నా దోసిట్లో ఖాళీ చేసేవారు. "ఇవి నీవి" అనేవారు. అంతే. పొగడ్త లేదు, తిట్టు లేదు. ఆ గింజలు ఇంటికి తెచ్చి ఒక గాజు సీసాలో పోసేవాణ్ని. మా చెల్లి అష్టాచెమ్మాకు అరగదీయడానికి అందులోంచి నాలుగు తీసుకుందని ఒక రోజంతా దానితో మాట్లాడలేదు.

*

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో సికింద్రాబాద్‌లో పిల్లల పోటీలు పెట్టారు. సార్ ముందే పేరు ఇచ్చేశారు. తీరా సమయానికి మా మంచి ఆటగాళ్లు నలుగురికి పదో తరగతి పరీక్షలు అడ్డొచ్చాయి. పరీక్షలప్పుడు ఆటకు పంపే తల్లిదండ్రులు మా వైపు ఎక్కడున్నారు? వెళ్లడం మానుకుందామని కొందరన్నారు. సార్ ఒప్పుకోలేదు. "పేరు ఇచ్చాక పోకపోవడం ఉండదు" అని, కాలనీ అంతా తిరిగి పదకొండు మందిని పోగు చేశారు. అందులో ఒకడు ఆరో తరగతి వాడు. వాడికి అన్న నిక్కరు తొడిగితే మోకాళ్ల కిందికి వచ్చింది. నేను తొమ్మిదిలో ఉన్నాను.

అవతలి జట్టు పిల్లలు మాకన్నా తలెత్తు పొడవున్నారు. అందరికీ కింద ముళ్లున్న బూట్లు. గట్టి నేల మీద ఆ బూట్లతో వాళ్లు పరుగెత్తుకొస్తుంటే టకటకమని గుర్రాలు వస్తున్నట్టు వినబడేది. మూడో నిమిషంలో మొదటి గోలు పడింది.

నా వెనక వల ఉండటం నాకు అదే మొదటిసారి. మా గ్రౌండులో వల లేదు. గోలు పడితే బంతి దొర్లుకుంటూ కాలువ దాకా పోయేది, ఎవరో ఒకరు పరుగెత్తుకెళ్లి తెచ్చేవారు, ఈలోగా కాస్త ఊపిరి తీసుకునేవాణ్ని. ఇక్కడ బంతి వలకు తగిలి, సర్రుమని జారి, నా మడమల దగ్గరే ఆగేది. వంగి నేనే తీయాలి. నైలాన్ దారం వేళ్లకు చుట్టుకునేది. అది విడిపించుకుంటుంటే, మధ్య గీత దగ్గర వాళ్లు నడుము మీద చేతులు పెట్టుకుని బంతి కోసం ఎదురు చూస్తూ ఉండేవాళ్లు. ఆ వంగడమూ, ఆ విడిపించుకోవడమూ, ఇప్పటికీ నా వేళ్లకు గుర్తున్నాయి. గోల్స్ ఎలా పడ్డాయో చాలావరకు మరిచిపోయాను. పది దాటాక గట్టు మీద కూర్చున్నవాళ్లు అందరూ కలిసి ఒక్కొక్క అంకె అరుస్తూ లెక్క పెట్టడం మొదలుపెట్టారు. పదకొండు! పన్నెండు! సార్ వైపు చూశాను. ఆయన చెయ్యి జేబులోనే ఉంది.

పదహారు, సున్నా.

తిరుగు ప్రయాణంలో ప్యాసింజర్ బండిలో ఎవరూ మాట్లాడలేదు. భువనగిరి గుట్ట కిటికీలోంచి వెనక్కి పోయింది. ఆరో తరగతి వాడు నా భుజం మీద నిద్రపోయాడు. ఆలేరు దాటాక సార్ వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఎడమ జేబులో ఉన్నవన్నీ తీసి నా దోసిట్లో పోశారు. రెండు చేతులూ నిండాయి.

"లెక్కపెట్టు."

ఇరవై మూడు ఉన్నాయి.

"పదహారు లోపలికి పోయాయని అందరికీ తెలుసు బిడ్డా. ఇరవై మూడు పోలేదని నీకూ నాకే తెలుసు" అన్నారు. జనగామలో దిగి పల్లీల పొట్లాలు తెచ్చి అందరికీ పంచారు. నేను తినలేదు. ఆ గింజలు కూడా సీసాలో పోయలేదు. స్టేషన్‌లో దిగాక పట్టాల పక్కన పారబోశాను. ఆ సంగతి సార్‌కు ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు.

*

రెండు వారాల పాటు గ్రౌండు మొహం చూడలేదు. బడిలో "పదహారు" అని పిలిచేవాళ్లు.

ఒక ఉదయం సార్ డ్యూటీకి వెళ్తూ మా ఇంటి ముందు సైకిల్ ఆపారు. బాపు లేచి కుర్చీ వేశాడు. సార్ టిఫిన్ సంచిలోంచి పేపరు తీసి, ఆటల పేజీ కింద ఒక మూలను వేలితో చూపించారు. అవి ఊరంతా ఇంకా లక్ష్మణ్ 281 గురించే మాట్లాడుకుంటున్న రోజులు. కోల్‌కతాలో ఆస్ట్రేలియాను ఓడించి నెల అయింది. ఆ మూలనున్న చిన్న వార్త కూడా ఆస్ట్రేలియాదే, కానీ ఫుట్‌బాల్. 2002 ప్రపంచ కప్ అర్హత మ్యాచ్. ఆస్ట్రేలియా 31, అమెరికన్ సమోవా 0.

మొదట 3-1 అనుకున్నాను. మధ్యలో గీత పడలేదేమో అనుకున్నాను. సార్ గట్టిగా చదివి వినిపించారు. ఆర్చీ థాంప్సన్ అనేవాడు ఒక్కడే పదమూడు వేశాడు. ప్రపంచ రికార్డు. రెండు రోజుల ముందే టోంగా మీద 22 వేసి రికార్డు పెట్టిన ఆస్ట్రేలియా, దాన్ని తానే చెరిపేసింది.

సార్ ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ మొదటి నుంచి చదివారు. తరువాత పేపరు తిరగేసి, వార్త ఇంకో చోట మిగిలి ఉందేమోనని వెతికారు.

"గోలు ముందు నిలబడ్డ పిల్లవాడి పేరేది?" అన్నారు. "పదమూడు వేసినవాడి పేరు రాశారు. ముప్పై ఒకటి లోపలికి పోవాలంటే ఎన్ని వచ్చి ఉంటాయి? ఎన్ని ఆపి ఉంటాడు? ఎవరైనా లెక్క పెట్టారా?"

ఆయన గొంతులో నిజమైన కోపం ఉంది. తెలిసినవాళ్ల పిల్లవాడికి అన్యాయం జరిగినట్టు బాధపడ్డారు. ఆ కోపం కాస్త చల్లారాక, బాపు తెచ్చిన టీ తాగుతూ, ఇదే ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు 4-2తో ఓడించారని చెప్పారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ వేశాడు. ఆ జట్టును తీర్చిదిద్దింది మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు గోలు ముందు నిలబడింది పీటర్ తంగరాజ్. తంగరాజ్ పేరు చెప్పేటప్పుడు సార్ కూర్చున్నచోటే నిటారుగా అయ్యారు.

సైరన్ మోగింది. ఆయన వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నేను గ్రౌండుకు వెళ్లాను.

*

ఆ పిల్లవాడి పేరు తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పైనే పట్టింది. హనుమకొండలో డిగ్రీ చదువుకు చేరే నాటికి వీధికొక ఇంటర్నెట్ సెంటర్ వచ్చింది. గంటకింత అని కట్టి కూర్చుంటే, పేజీ పై నుంచి కిందికి మెల్లగా దిగేది. అలా దిగిన ఒక పేజీలో దొరికింది. నికీ సలాపు. ఆ మ్యాచ్ నాటికి అతనికి ఇరవై ఏళ్లు.

ఇంకా చదువుతూ పోతే నాకు ఒళ్లు జలదరించింది. 2001 ఏప్రిల్ 11న ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్‌లో ఆ మ్యాచ్ జరిగింది. అమెరికన్ సమోవా పసిఫిక్ సముద్రంలో చిన్న దీవుల గుంపు. జనాభా అరవై వేలు కూడా లేదు. ప్రపంచ జాబితాలో ఆ జట్టుది అట్టడుగు స్థానం, 203. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లే ఆడాలన్న నియమం వల్ల, మొదట ఎంపిక చేసిన ఇరవై మందిలో సలాపు ఒక్కడే మిగిలాడు. కుర్రవాళ్ల జట్టునైనా పంపుదామంటే చాలామందికి బడి పరీక్షలు. దొరికినవాళ్లను పోగు చేసి పంపారు. అందులో పదిహేనేళ్ల వాళ్లు ముగ్గురు.

పరీక్షలు అన్న మాట దగ్గర ఆగిపోయాను. సముద్రాలకు అవతల కూడా అదే కథ! సగం ఆట అయ్యేసరికి 16-0. మా మొత్తం మ్యాచ్ అంకె వాళ్లకు సగం ఆటకే వచ్చేసింది. చివర్లో అంకెలు వేసేవాడు కూడా తప్పి 32 అని పెట్టాడు, తరువాత సరిచేసి 31 చేశారు. ఆ పోటీల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడి మొత్తం 57 గోల్స్ ఇచ్చుకుని, ఒక్కటి కూడా వేయకుండా ఇంటికి వెళ్లారు. కానీ నాలుగుకు నాలుగూ ఆడారు.

ఇంత తేడా ఉన్న జట్లను ఎదురెదురుగా నిలబెట్టడం తప్పని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ తరువాత ఆ ప్రాంతంలో చిన్న జట్లకు ముందుగా వేరే రౌండు పెట్టారు కూడా. అది మంచిదే కావచ్చు. కానీ చిన్నవాళ్లు అసలు రాకూడదు, పెద్దవాళ్ల సమయం వృథా అనేవాళ్లతో నాకు ఎప్పటికీ పొత్తు కుదరదు. పేరు ఇచ్చి, బండెక్కి వెళ్లి, తొంభై నిమిషాలు నిలబడినవాళ్లు ఎవరి సమయాన్నీ వృథా చేయలేదు. 31 వేసిన ఆస్ట్రేలియా కూడా ఆ ప్రపంచ కప్‌కు వెళ్లలేదు. ఆ నవంబరులో ఉరుగ్వేను సొంతగడ్డ మీద 1-0తో గెలిచి, అక్కడికి వెళ్లి 3-0తో ఓడింది.

ఆ సాయంత్రమే కాజీపేట వెళ్లి సార్‌కు పేరు చెప్పాను. గుమ్మంలో నిలబడే రెండు మూడుసార్లు పలికి చూసుకున్నారు. "సలాపు. పేరులోనే సలుపు ఉంది చూడు" అన్నారు.

*

2019లో వినాయక నవరాత్రులప్పుడు సార్ ఇంట్లో కూర్చుని మన జట్టు ఖతార్‌తో దోహాలో ఆడిన అర్హత మ్యాచ్ చూశాం. ఆ ఏడాదే ఆసియా కప్ గెలిచిన జట్టు ఖతార్. మనకు కెప్టెన్ సునీల్ ఛెత్రి లేడు. వీధి మండపం మైకు హోరులో సార్‌కు వ్యాఖ్యానం వినబడేది కాదు, చూపు కూడా తగ్గింది. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ బంతి ఆపినప్పుడల్లా నేను మోచేతితో తడితే, ఆయన కుర్చీ చేతి మీద ఒక్కో గింజ పేర్చారు. 0-0తో ముగిసింది. ఆ వరసను చెరపవద్దని, పొద్దున్నదాకా అలాగే ఉంచమని భార్యకు చెప్పి పడుకున్నారు.

*

బండి బాగు చేయించుకుని వెళ్లేసరికి భోజనాలు మొదలయ్యాయి. సార్ భార్యను మేమందరం అమ్మా అనే పిలిచేవాళ్లం. జనం తగ్గాక నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టుకుంది. గోడకు సైకిల్ పంపు వేలాడుతోంది. దాని గొట్టానికి సూది అలాగే ఉంది.

"నువ్వు ఒకసారి హైదరాబాద్ నుంచి ఫోను చేశావు చూడు, ఏదో జట్టు గెలిచిందని" అంది.

గుర్తుంది. సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి నెల. ఆఫీసులో కంప్యూటర్ మీద వార్త చూశాను. 2011 నవంబరు 22న సమోవాలోని అపియాలో అమెరికన్ సమోవా 2-1తో టోంగాను ఓడించింది. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో వాళ్లకు అదే మొదటి గెలుపు. పదేళ్ల ముందు కాఫ్స్ హార్బర్‌లో వాళ్ల మీద 5-0తో గెలిచిన టోంగాయే ఇది. మెట్ల దగ్గరికి పరుగెత్తి సార్‌కు ఫోను చేశాను. ఆయన అడిగింది ఒక్కటే, గోలు ముందు ఎవరని. "సలాపే సార్, అదే పిల్లవాడు" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. గూడ్సు బండి కూత మాత్రం వినబడింది.

"మర్నాడు పొద్దున్నే వెళ్లి రెండు కిలోల జిలేబీ తెచ్చారు" అంది అమ్మ. "గ్రౌండులో పిల్లలందరికీ, గట్టు మీద కూర్చున్నవాళ్లకూ పంచారు. ఏమిటి సార్ విశేషమని అడిగితే, మన గోల్‌కీపర్ గెలిచాడు అన్నారట. అందరూ నీకేదో పెద్ద ఉద్యోగం వచ్చిందనుకున్నారు. మీ బాపు కూడా అలాగే అనుకుని, నాకు చెప్పకుండా మీకెలా తెలిసిందని మా ఇంటికి వచ్చాడు. ఆయన ఏమీ చెప్పలేదు. కూర్చోబెట్టి, మీ బాపుకూ రెండు జిలేబీలు పెట్టారు."